బెలూన్ అంటే ఏ బెలూన్? మొగిలిగుండ్ల పొలం నుంచి గుండె రక్తనాళం దాకా

క్లుప్తంగా: బెలూన్ అనే ఒక్క మాటని పుట్టినరోజు పార్టీలో, వాతావరణ కేంద్రంలో, గుండె నాళాలకు చికిత్స చేసే క్యాథ్‌ల్యాబ్‌లో, బ్యాంకులో వాడుతున్నాం. వీటన్నిటికీ ఆకారం ఒకటే అయినా పనిచేసే తీరు ఒకటి కాదు. సంచి సాగేదా సాగనిదా, లోపల నింపింది ఏంటి అనే రెండు విషయాలు తెలిస్తే చాలావరకు గందరగోళం పోతుంది.

2022 డిసెంబర్‌లో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్ల పొలాల్లో ఒక పెద్ద గుండ్రటి వస్తువు ఆకాశం నుంచి దిగింది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం పరుగెత్తుకొచ్చారు, ఫోన్లలో వీడియోలు తీశారు, గ్రహాంతరవాసుల నౌక అని కొందరు, ఉపగ్రహం కూలిందని కొందరు చెప్పుకున్నారు. తీరా చూస్తే అది హైదరాబాద్‌లోని టీఐఎఫ్ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ అనే పరిశోధన సంస్థ) బెలూన్ కేంద్రం ఎగరేసిన పరిశోధన బెలూన్‌కి వేలాడిన క్యాప్సూల్. టూరిస్టుల్ని స్ట్రాటోస్ఫియర్ (మబ్బులకి పైనున్న వాతావరణ పొర) దాకా తీసుకెళ్లాలనుకున్న హేలో స్పేస్ అనే స్పెయిన్ కంపెనీ చేసిన ట్రయల్ అది, లోపల మనుషులెవరూ లేరు.

రెండు నెలలు తిరక్కముందే అమెరికాలో చైనా బెలూన్ గొడవ మొదలైంది, తమ దేశం మీద ఎగురుతున్న ఆ బెలూన్ గూఢచర్యానికి వచ్చిందని అమెరికా ఆరోపించింది. 2023 ఫిబ్రవరి 4న సౌత్ కరోలినా తీరం దగ్గర ఎఫ్-22 యుద్ధ విమానం క్షిపణి వేసి దాన్ని కూల్చింది. బెలూన్‌కి క్షిపణి ఎందుకు, గుండుసూది చాలదా అని చాలామంది అడిగారు. ఆ ప్రశ్న తప్పేం కాదు, ఎందుకంటే మనకు చిన్నప్పటి నుంచి తెలిసిన బెలూన్ సూది తగిలితే పేలిపోయేదే. ఆకాశంలో 18 కిలోమీటర్ల ఎత్తున తిరిగేది మాత్రం అలా పేలదు. ఎందుకు పేలదో తెలియాలంటే ముందు బజార్లో దొరికే రబ్బరు బెలూన్ సంగతి చూడాలి.

## ఒక వస్తువు, నాలుగు పేర్లు

కోస్తా వైపు దీన్ని బూర అంటారు, తెలంగాణలో చాలా చోట్ల బుగ్గ, పుగ్గ అంటారు, పాఠ్యపుస్తకాల్లో బుడగ అని ఉంటుంది, పట్నాల్లో పిల్లలు నేరుగా బెలూన్ అనేస్తున్నారు. ఈ బెలూన్ అనే మాట ఇటలీ, ఫ్రాన్స్ భాషల్లో పెద్ద బంతి అనే అర్థం నుంచి వచ్చింది, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి, ఇంగ్లీషు నుంచి మనకి.

తెలుగులో ఇంకో చిక్కుంది. సబ్బు నురగలో లేచేదీ బుడగే, నీటి మీద తేలేదీ బుడగే, దారం కట్టి పిల్లాడి చేతికిచ్చేదీ బుడగే. అందుకే పేపర్లలో రియల్ ఎస్టేట్ బుడగ అని చదివితే బెలూన్ గుర్తొస్తుంది కానీ అక్కడ ఉద్దేశించింది నీటి బుడగ. ధరలు తమంతట తామే ఉబ్బి తమంతట తామే పగిలే సంగతి అది. బెలూన్ అలా కాదు, దానికి ఊదేవాడు ఒకడు కావాలి, నిలబెట్టడానికి ఒక తోలు కావాలి. ఈ తేడా పట్టుకుంటే మిగతా వాడకాలు కూడా సులువుగా అర్థమవుతాయి.

## మొదటి ఊపిరి ఎందుకంత కష్టం

రబ్బరు బెలూన్‌ని మొదట చేసింది మైకేల్ ఫారడే, 1824లో, లండన్‌లో, హైడ్రోజన్ వాయువు మీద ప్రయోగాల కోసం. రెండు రబ్బరు రేకుల్ని అంచుల దగ్గర అతికించి, లోపలి వైపు ఒకదానికొకటి అంటుకోకుండా పిండి రాశాడు. అంటే ఇది పుట్టింది ఆటకోసం కాదు, ల్యాబు పనికోసం.

బెలూన్ ఊదిన ప్రతి ఒక్కరికీ తెలిసిన అనుభవం ఒకటుంది. మొదటి రెండు మూడు ఊపిర్లకు బుగ్గలు నొప్పెడతాయి, మొహం ఎర్రబడుతుంది, ఆ తర్వాత ఒక్కసారిగా సులువవుతుంది. బెలూన్ చిన్నగా ఉన్నప్పుడు తోలు వంపు ఎక్కువ, వంపు ఎక్కువైతే అదే బిగువుకి లోపలి ఒత్తిడి ఎక్కువ ఉంటుంది. కాస్త ఉబ్బగానే వంపు తగ్గుతుంది, ఒత్తిడీ తగ్గుతుంది. బాగా ఉబ్బాక రబ్బరు ఇక సాగలేని స్థితికి వచ్చినప్పుడు మళ్లీ ఒత్తిడి పెరుగుతుంది, ఆపాల్సింది అక్కడే.

దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. ఒక బెలూన్‌ని కొంచెం, ఇంకోదాన్ని ఎక్కువగా ఊది రెండిటి మూతుల్నీ చిన్న గొట్టంతో కలిపితే గాలి పెద్దదాంట్లోంచి చిన్నదాంట్లోకి వెళ్తుందనుకుంటాం. మామూలుగా జరిగేది దానికి రివర్సు, చిన్నది ఇంకా ముడుచుకుపోతుంది, పెద్దది ఇంకా ఉబ్బుతుంది.

సూది గుచ్చితే పేలడానికి కారణం కూడా ఈ సాగుడే. ఉబ్బిన రబ్బరులో నలువైపులా లాగుడు దాగి ఉంటుంది, ఒక్క చిల్లు పడగానే ఆ లాగుడే చీలికని మెరుపు వేగంతో లాక్కుపోతుంది. ఉబ్బిన బెలూన్ మీద సెల్లోటేప్ ముక్క అంటించి దాని మీద గుచ్చితే పేలదు, మెల్లగా గాలి దిగుతుంది, ఎందుకంటే టేపు ఆ చీలికని పాకనివ్వదు.

చిన్నపిల్లలున్న ఇళ్లలో ఇంకో సంగతి తప్పక తెలిసి ఉండాలి. ఊదని బెలూన్, పగిలిన బెలూన్ ముక్క పసివాళ్ల గొంతులో పడితే రబ్బరు శ్వాసనాళం గోడలకు అతుక్కుని పూర్తిగా మూసేస్తుంది, గట్టి వస్తువులా పక్కన సందు వదలదు. అమెరికాలో 8 ఏళ్లలోపు పిల్లల విషయంలో ప్యాకెట్ మీదే ఈ హెచ్చరిక అచ్చు వేయాలనే నిబంధన ఉంది. పార్టీ అయిపోగానే నేల మీది ముక్కలు ఏరేయడం చిన్న పనే కానీ ప్రాణానికి సంబంధించిన పని.

## జాతరలో గ్యాస్ బుడగ: తేలడం వెనక లెక్క, పేలడం వెనక కారణం

ఒక ఘనపు మీటరు గాలి దాదాపు 1.2 కిలోలు తూగుతుంది. అంతే చోటు పట్టే హీలియం 180 గ్రాములు, హైడ్రోజన్ 90 గ్రాములు. ఈ తేడానే బెలూన్‌ని పైకి లేపే బలం. ఒక అడుగు వెడల్పున్న బుడగలో సుమారు 14 లీటర్ల హీలియం పడుతుంది, అది లేపగలిగేది 14, 15 గ్రాములు, అందులో రబ్బరుకీ దారానికీ పోగా మిగిలేది పదీ పన్నెండు గ్రాములే. అంటే చిన్న బిస్కెట్టంత బరువు.

హైడ్రోజన్ హీలియంకన్నా సగం తేలిక అయినా అది లేపే బలం మాత్రం ఎనిమిది శాతమే ఎక్కువ, ఎందుకంటే లెక్కకొచ్చేది గాలితో ఉన్న తేడా. ఆ కాస్త లాభం కోసం ఎవరూ హైడ్రోజన్ నింపరు, ధర కోసం నింపుతారు. హీలియం మన దేశానికి దిగుమతి సరుకు, ఖరీదు ఎక్కువ. జాతరల్లో, ఎగ్జిబిషన్ల దగ్గర అమ్మే గ్యాస్ బుడగల్లో చాలా వాటికి హైడ్రోజన్‌ని అక్కడికక్కడే పాత సిలిండర్లో కాస్టిక్ సోడా, నీళ్లు, అల్యూమినియం ముక్కలు కలిపి పుట్టిస్తారు. ఈ చర్యలో విపరీతమైన వేడి పుడుతుంది, వేడితో చర్య ఇంకా వేగమవుతుంది, ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, తుప్పు పట్టిన సిలిండర్ దాన్ని ఆపలేక పగులుతుంది. ఊరి జాతరల్లో గ్యాస్ బుడగల సిలిండర్ పేలిందని వచ్చే వార్తల వెనక చాలాసార్లు ఉండేది ఇదే. ఎక్కువ దెబ్బ తినేది బండి నడిపే మనిషి, ఆ తర్వాత చుట్టూ మూగిన పిల్లలు.

బుడగ ఇంటికి తెచ్చాక కూడా ప్రమాదం పోదు. గాలిలో హైడ్రోజన్ 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎంత ఉన్నా అంటుకుంటుంది, అంత విశాలమైన పరిధి వంటగ్యాస్‌కి లేదు. అంటుకోవడానికి కావాల్సిన నిప్పురవ్వ కూడా కంటికి కనిపించనంత చిన్నది చాలు. కేక్ మీద కొవ్వొత్తులు, పైన గుత్తులుగా వేలాడే గ్యాస్ బుడగలు ఒకే గదిలో ఉంటే ఏం జరగొచ్చో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. అమ్మేవాళ్లని అందులో ఉన్నది హీలియమా, హైడ్రోజనా అని అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు.

హీలియంకి తెలుగు నేలతో ఒక పాత బంధం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రాన్స్ నుంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరుకి వచ్చాడు, మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పాగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. సూర్యుడి అంచున లేచే ఎర్రటి జ్వాలల వెలుగుని విడగొట్టి చూసినప్పుడు కనిపించిన పసుపు గీత అప్పటికి తెలిసిన ఏ మూలకానిదీ కాదని తర్వాత తేలింది. సూర్యుడికి గ్రీకు మాట హీలియోస్, ఆ పేరే దీనికి పెట్టారు. భూమి మీద దాన్ని వేరు చేసి పట్టుకోగలిగింది 1895లో. ఇవాళ ఇది సహజవాయువు బావుల నుంచి వస్తుంది, యురేనియం, థోరియం కోట్ల ఏళ్లుగా క్షీణించగా భూగర్భంలో చేరినది. గాలిలోకి వదిలితే తిరిగి రాదు. ఎమ్మారై మెషీన్ల అయస్కాంతాల్ని మైనస్ 269 డిగ్రీల దగ్గర చల్లగా ఉంచేది కూడా ఇదే కాబట్టి పార్టీలకు దీన్ని వాడటం మీద శాస్త్రవేత్తల అభ్యంతరం న్యాయమైనదే.

## ఆకాశంలో తిరిగేవి రెండు రకాలు

మొదటిది వాతావరణ బెలూన్. ప్రపంచమంతటా వందల కేంద్రాల నుంచి రోజుకి రెండుసార్లు, మన టైము ప్రకారం ఉదయం, సాయంత్రం ఐదున్నర లెక్కకి అందేలా వీటిని వదులుతారు. తెలుగు రాష్ట్రాల్లో హైదరాబాద్, విశాఖపట్నం, మచిలీపట్నం కేంద్రాలు ఉన్నాయి. తుఫాను ఎటు మళ్లుతుందో చెప్పే అంచనాల్లో వీటి పాత్ర పెద్దది, పైకి వెళ్తూ ఉష్ణోగ్రత, తేమ, గాలి వేగం రేడియోలో పంపుతూ ఉంటాయి. ఇది సాగే రబ్బరు బెలూనే. 30 కిలోమీటర్ల ఎత్తున బయటి ఒత్తిడి నేల మీదున్నదాంట్లో దాదాపు నూరో వంతు, అందుకే లోపలి గ్యాస్ నూరింతల దాకా వ్యాకోచిస్తుంది, బెలూన్ వెడల్పు నాలుగైదు రెట్లవుతుంది, రబ్బరు ఇక తట్టుకోలేక పగులుతుంది. చిన్న పరికరం పడిపోతుంది. ఎవరి పొలంలోనైనా తెల్లటి డబ్బా, రబ్బరు పీలికలు కనిపిస్తే అవి చాలావరకు ఇవే.

రెండోది టీఐఎఫ్ఆర్ వదిలే రకం. ఇది సాగదు. అతి పల్చటి పాలిథిన్ పొరతో చేసిన సంచి, నిండుగా ఉబ్బితే 50 నుంచి 85 మీటర్ల వెడల్పు, లోపల హైడ్రోజన్. నేల మీద వదిలేటప్పుడు పైభాగంలో కాస్త గ్యాస్ మాత్రమే నింపుతారు, కిందంతా ఖాళీ సంచి వేలాడుతూ ఉంటుంది. పైకి పోయే కొద్దీ గ్యాస్ వ్యాకోచించి సంచి నిండుతుంది, నిండాక మిగిలింది కింద తెరిచి ఉన్న మూతి నుంచి బయటికి పోతుంది. లోపలా బయటా ఒత్తిడి దాదాపు సమానం కాబట్టి అది పేలకుండా 30 నుంచి 42 కిలోమీటర్ల మధ్య గంటల తరబడి తేలుతుంది.

గుండుసూది ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. ఇలాంటి సంచికి చిల్లు పడినా బయటికి తోసే ఒత్తిడి లేదు, చీలికని లాగే రబ్బరు బిగువు లేదు, గ్యాస్ మెల్లగా కారుతుంది అంతే. 1998 ఆగస్టులో అదుపు తప్పిన పరిశోధన బెలూన్ మీద కెనడా యుద్ధ విమానాలు వెయ్యికి పైగా తూటాలు పేల్చినా అది అట్లాంటిక్ దాటి ప్రయాణం సాగించింది. చైనా బెలూన్‌కి క్షిపణి వాడటాన్ని ఈ అనుభవంతో కలిపి చూడాలి. ఆ ఎత్తులో ఇంకో సౌకర్యం కూడా ఉంది, ఒక్కో పొరలో గాలి ఒక్కో వైపు వీస్తుంది, ఇంజను లేకపోయినా పైకీ కిందకీ జరిగి కావాల్సిన గాలి అందుకుంటే దారి కొంతవరకు మార్చుకోవచ్చు.

హైదరాబాద్‌లో ఈ కేంద్రం ఉండటానికి కారణం కాస్మిక్ కిరణాలు, అంటే అంతరిక్షం నుంచి దూసుకొచ్చే శక్తిమంతమైన కణాలు. సంస్థ స్థాపకుడు హోమీ భాభా కాలం నుంచి టీఐఎఫ్ఆర్ వాళ్లు వీటిని అధ్యయనం చేస్తున్నారు. భూఅయస్కాంత మధ్యరేఖకి ఈ ప్రాంతం దగ్గరగా ఉండటం వల్ల తక్కువ శక్తి ఉన్న కిరణాలు ఇక్కడిదాకా రాలేవు, పరికరాల్లో రొద తగ్గుతుంది. పని పూర్తయ్యాక రేడియో ఆదేశంతో పరికరాల్ని విడగొడితే అవి రంగురంగుల పెద్ద పారాచూట్లతో దిగుతాయి, విశాఖపట్నం, హైదరాబాద్, సోలాపూర్‌లని కలిపే గీతకి అటూ ఇటూ. ప్రయోగాల సీజన్ ముందు పేపర్లో ప్రకటన వస్తుంది: ముట్టుకోవద్దు, కొన్నిటిలో హై వోల్టేజి ఉండొచ్చు, దగ్గర్లోని పోలీసులకు గానీ పోస్టాఫీసుకి గానీ చెప్పండి అని. మొగిలిగుండ్ల జనంలో ఎంతమంది అలాంటి ప్రకటన చదివి ఉంటారు? జిల్లా పేజీలో చిన్న గడిలో వచ్చే మాట పొలానికి చేరదు. దిగే ప్రాంతంలోని పంచాయతీలకు ఆ రోజే వాట్సాప్‌లో తెలుగులో ఒక మెసేజ్ వెళ్తే ఈ టెన్షన్ సగం తగ్గుతుంది.

ఇది కొత్త సమస్య కూడా కాదు. 1783 ఆగస్టు 27న పారిస్‌లో చార్ల్స్ అనే శాస్త్రవేత్త వదిలిన మొదటి హైడ్రోజన్ బెలూన్ గోనెస్ అనే పల్లెలో పడితే అక్కడి రైతులు ఏదో భూతమనుకుని పంగలకర్రలతో పొడిచి చీల్చేశారు. ఆ తర్వాత ఫ్రాన్స్ ప్రభుత్వం ఇలాంటివి కనిపిస్తే భయపడొద్దని ప్రజలకు ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది.

అదే ఏడాది నవంబర్ 21న మనుషులు మొదటిసారి స్వేచ్ఛగా ఎగిరింది మాత్రం మాంట్‌గాల్ఫియర్ సోదరుల వేడిగాలి బెలూన్‌లో. గాలిని వంద డిగ్రీలకి వేడి చేస్తే ఘనపు మీటరుకి పావు కిలో మాత్రమే లేపగలదు, అందుకే నలుగురిని మోయడానికే 2,200 ఘనపు మీటర్ల సంచి కావాలి. 2017 నవంబర్‌లో అరకులో జరిగిన బెలూన్ పండగలాంటివి చలికాలం ఉదయాన్నే పెట్టడానికి కారణం ఇదే. బయటి గాలి ఎంత చల్లగా ఉంటే లేపే బలం అంత ఎక్కువ, పైగా ఎండ ముదిరాక లోయల్లో గాలి కదలికలు చెప్పినట్టు వినవు.

## ‘బెలూన్ వేశారు’ అంటే

ఇంట్లో పెద్దవాళ్లకి గుండెనొప్పి వచ్చి హాస్పిటల్‌కి తీసుకెళ్తే బయటికొచ్చిన డాక్టరు చెప్పే మాట ఇది. వినేవాళ్ల మనసులో రబ్బరు బుడగ మెదులుతుంది, అది లోపల పేలితే ఎలా అనే భయం పట్టుకుంటుంది.

ఈ బెలూన్ రబ్బరుది కాదు. నైలాన్‌లాంటి గట్టి పాలిమర్‌తో చేసినది, దాన్ని ఎంత వెడల్పుకి తయారు చేశారో దాదాపు అంతవరకే ఉబ్బుతుంది, మామూలుగా 2 నుంచి 4 మిల్లీమీటర్లు. సన్నటి తీగ మీద ముడుచుకుని మణికట్టు దగ్గరో తొడ దగ్గరో రక్తనాళంలోకి ప్రవేశించి గుండె దాకా వెళ్తుంది. అడ్డు ఉన్న చోట దాన్ని ఉబ్బిస్తారు, గాలితో కాదు, సెలైన్‌లో ఎక్స్‌రేకి కనిపించే మందు కలిపి. ద్రవం నింపితే ఒకవేళ చిల్లు పడినా రక్తంలోకి గాలి పోదు, తెర మీద బెలూన్ ఆకారమూ కనిపిస్తుంది. ఒత్తిడి నేల మీది గాలి ఒత్తిడికి 8 నుంచి 15 రెట్లు, ఇంకా పైకి కూడా వెళ్తారు. కారు టైరులో ఉండేది రెండు రెట్లకి కాస్త ఎక్కువ. అంత ఒత్తిడిలో కూడా వెడల్పు అదుపులో ఉండటమే దీని గొప్ప, సాగే రబ్బరైతే అడ్డు ఉన్న గట్టి చోట ఉబ్బకుండా పక్కనున్న మెత్తటి గోడ వైపు ఉబ్బి నాళాన్నే చింపేది.

ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ అనే డాక్టరు ఇలాంటి బెలూన్లను జ్యూరిక్‌లో తన వంటింటి టేబుల్ మీదే తయారు చేసుకుని, 1977 సెప్టెంబర్ 16న మొదటిసారి మేలుకుని ఉన్న మనిషి గుండె నాళంలో వాడాడు. బెలూన్ ఒక్కటే వాడినప్పుడు కొన్ని నెలల్లో చాలామందికి నాళం మళ్లీ ముడుచుకునేది, అందుకే 1986 నుంచి స్టెంట్లు, అంటే నాళాన్ని తెరిచి ఉంచే సన్నటి జాలీ గొట్టాలు, వచ్చాయి. కాబట్టి బెలూన్ వేశారు, స్టెంట్ వేశారు అనేవి వేరు మాటలు. బెలూన్ పని చేసి బయటికి వచ్చేస్తుంది, స్టెంట్ లోపలే ఉండిపోతుంది. మందు పూసిన బెలూన్లు ఇప్పుడు వాడుకలో ఉన్నాయి, వాటితో కొందరికి స్టెంట్ అవసరం లేకుండా పోతుంది.

గుండె కవాటానికి, అంటే వాల్వుకి, బెలూన్ వేయడం ఇంకో సంగతి. చిన్నప్పటి గొంతు ఇన్‌ఫెక్షన్ నుంచి వచ్చే రుమాటిక్ జబ్బుతో అతుక్కుపోయిన మైట్రల్ వాల్వుని (గుండె ఎడమ వైపు రెండు గదుల మధ్య ఉండేది) తెరవడానికి జపాన్ సర్జన్ కాంజి ఇనోయె తయారు చేసిన బెలూన్‌కి మధ్యలో నడుము ఉంటుంది. ముందు ఒక వైపు, తర్వాత రెండో వైపు ఉబ్బి వాల్వుని మధ్యలో పట్టుకుంటుంది, ఆఖరికి నడుము ఉబ్బి తెరుస్తుంది. ఖరీదైన పరికరమే కావాలనీ లేదు. కాన్పు తర్వాత రక్తస్రావం ఆగని తల్లుల కోసం బంగ్లాదేశ్ డాక్టర్ సయేబా అఖ్తర్ మామూలు కండోమ్‌ని గొట్టానికి కట్టి, గర్భాశయంలో పెట్టి, సెలైన్‌తో ఉబ్బించే పద్ధతి చూపించారు. లోపలి నుంచి గోడల మీద ఒత్తిడి పడి రక్తం ఆగుతుంది. డబ్బులేని ఆసుపత్రుల్లో ఇది ఎందరో తల్లుల్ని కాపాడింది.

## రాజకీయాల్లో, లోన్లలో

పేపర్లలో ట్రయల్ బెలూన్ అనే మాట తరచుగా వస్తుంది. 1783 డిసెంబర్ 1న చార్ల్స్ తాను ఎగిరే ముందు గాలి ఎటు వీస్తుందో చూడటానికి ఒక చిన్న బెలూన్‌ని వదిలించాడు. ఛార్జీల పెంపో, పదవుల మార్పో ముందుగా పేరు చెప్పని వర్గాల ద్వారా బయటపెట్టి జనం స్పందన చూడటం కూడా అలాంటిదే. మనవాళ్లు దీన్ని లీకు వదలడం అంటారు. వ్యతిరేకత వస్తే అలాంటి ఆలోచనే లేదని ఖండించొచ్చు, అధికారిక కాగితం ఎక్కడా ఉండదు.

బెలూన్ పేమెంట్ మాత్రం జేబుకి నేరుగా తగిలే వ్యవహారం. నెలవారీ కిస్తీలు తక్కువగా ఉంచి, ఆఖరి వాయిదాని ఉబ్బించి పెట్టడం అన్నమాట. కార్ల లోన్లలో కనిపిస్తుంది, అమెరికాలో వ్యాపార భవనాల లోన్లలో మామూలే. ఉదాహరణకి 10 లక్షల కారు లోను, 9 శాతం వడ్డీ, 5 ఏళ్లు అనుకుంటే మామూలు ఈఎంఐ దాదాపు 20,760 వస్తుంది. 3 లక్షలు ఆఖర్లో కట్టేలా పెడితే ఈఎంఐ 16,780కి దిగుతుంది, నెలకి నాలుగు వేలు మిగిలినట్టు ఉంటుంది. కానీ ఆ 3 లక్షల మీద అయిదేళ్లూ వడ్డీ నడుస్తూనే ఉంటుంది కాబట్టి మొత్తం మీద 61 వేల దాకా ఎక్కువ కడతారు. అయిదేళ్లయ్యాక కారు ధర పడిపోయి ఉంటుంది, చేతిలో 3 లక్షలు లేకపోతే కారు అమ్మాలి, లేదా ఇంకో లోను తీసుకోవాలి. ఆఖర్లో బోనస్సో పంట డబ్బో కచ్చితంగా వచ్చేవాళ్లకి ఇది పనికొస్తుంది. షోరూమ్‌లో సేల్స్‌మన్ ఈఎంఐ అంకె ఒక్కటే చూపిస్తుంటే, 60వ నెల వాయిదా ఎంతో సంతకానికి ముందే అడిగి రాయించుకోవాలి.